తొవ్వ సంగతి చెప్పిన మనిషి

ఫిబ్రవరి 9, ఆదివారం. తాండూరు.

హాజరైనవారు: ఆయన అల్లుడు, అల్లుడి తమ్ముళ్లు ఇద్దరు. ఇమాం సాబ్, మసీదు నుంచి మరో ఎనిమిది మంది. బండల పాలిషింగ్ యూనిట్ల యజమానులు ఐదుగురు. అందులో రెండేళ్లుగా మాటల్లేని ఇద్దరు పక్కపక్కనే నిలబడ్డారు. లారీ డ్రైవర్లు పద్నాలుగు మంది. టీ హోటలాయన. నేను. కబరస్తాన్ గేటు బయట, గోడ నీడలో, అంజమ్మ.

ఆయన ఖననమైన ఆ రోజు డైరీలో రాసుకున్నది ఇంతే. నలభై ఏడేళ్లుగా డైరీ రాస్తున్నాను. ఎక్కడికి వెళ్లినా ముందు ఎవరెవరు ఉన్నారో రాసుకోవడం పోస్టాఫీసులో చేరిన మొదటి ఏడాది పట్టుకున్న అలవాటు. ఒకసారి ఆయన నా డైరీ చేతిలోకి తీసుకుని, నాలుగు పేజీలు తిప్పి, "హాజరు రాసుడు మంచిదే సాబ్. ఉన్నోళ్లనే రాస్తరా, లేనోళ్లను గూడ రాస్తరా?" అని అడిగాడు. లేనివాళ్లను ఎందుకు రాస్తానన్నాను. చిన్నగా నవ్వి డైరీ తిరిగి ఇచ్చేశాడు. ఎగతాళి చేశాడనుకున్నాను.

నేను భాయ్ అని పిలిచిన ఆయన పేరు ఇక్కడ రాయను. తాను పనిచేసి వచ్చిన దేశం పేరును ఆయన కూడా ఏనాడూ పలకలేదు. "గాడ" అనేవాడు. గాడ ఎండ గట్ల కాదు. గాడ రొట్టె ఇంత పెద్దగ ఉంటది. ఆ మాట అంటున్నప్పుడు చెయ్యి పడమటి దిక్కుకు కాకుండా నేల వైపు చూపించేది.

ఎవరింటికి వచ్చినా గడప దాటగానే గదిలో ఉన్న మనుషులను లెక్కపెట్టేవాడు. పెదవులు కదిలేవి కావు. కుడిచేతి బొటనవేలు మాత్రం మిగతా వేళ్ల కణుపుల మీద తిరిగేది. ఆ తరువాత తలుపు కనిపించే చోట కూర్చునేవాడు. వికారాబాదులో మా ఇంట్లో అలాంటి కుర్చీ ఒకటే ఉంది, అది నాది. ఆయన చెప్పుల చప్పుడు వినగానే నేను లేచి మంచం మీదికి మారేవాణ్ని. మా ఆవిడ టీ పెడుతూ వంటింట్లోంచే "కుర్చీ పోయిందా?" అనేది.

నేను తాండూరు వెళితే ఆయన మొదటి ప్రశ్న ఆరోగ్యం గురించి కాదు. "ఏ తొవ్వల వచ్చిన్రు సాబ్?" రైల్లో వచ్చానంటే ఉత్సాహం చచ్చిపోయేది, రైలుకు ఉన్నది ఒకటే దారి. బస్సులో వచ్చానంటే దగ్గరికి జరిగేవాడు. ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎదురొచ్చిన లారీలు నిండుగా ఉన్నాయా ఖాళీగా ఉన్నాయా, మలుపు దగ్గర ఎవరైనా ఊరికే నిలబడి ఉన్నారా. చెప్పలేక తడబడితే, "గిన్నేండ్లు ఉత్తరాలు పంచినవు, కండ్లు మాత్రం ఇంకా పోస్టు డబ్బలనే ఉన్నయి" అనేవాడు. నవ్వొచ్చినప్పుడు మాత్రమే నన్ను ఏకవచనంలో పిలిచేవాడు.

ఆయన అక్కడికి డ్రైవరుగా వెళ్లి, పైపులైను వేసే ఒక కంపెనీలో క్యాంపు బాధ్యతలు చూసే మనిషయ్యాడు. గేటు, బండ్ల రాకపోకలు, పొద్దున హాజరు ఆయన చేతిలో ఉండేవి. ఎప్పుడు ఏ మూల కాల్పులు మొదలవుతాయో తెలియని దేశమది. అందుకని అక్కడ పనిచేసే మన దేశపు కంపెనీలన్నీ ప్రతి గురువారం మన రాయబార కార్యాలయంలో ఒక బల్ల చుట్టూ కూర్చునేవి. భద్రత చూసే అధికారి కొసన కూర్చుని రాసుకునేవాడు. వరసగా ఒక్కొక్కరూ మూడు సంగతులు చెప్పాలి: మీకు తెలిసిన దారులు ఎలా ఉన్నాయి, కొత్తగా ఏం విన్నారు, మీ మనుషులు ఎక్కడెక్కడ ఎందరున్నారు. పేర్లు అడిగేవారు కారు, అంకె చెబితే చాలు. అందరిదీ విన్నాక అధికారి తనకు తెలిసింది చెప్పేవాడు.

"బయట టెండర్ల కాడ గల్లలు పట్టుకునెటోళ్లు సాబ్ వాళ్లు," అని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. "గా బల్ల కాడికొస్తే అన్నదమ్ములే. ఫలానా మలుపుల తుపాకులు పట్టుకోని నిలబడ్డరని నేను జెప్తే నీ బండి బచాయిస్తది. వచ్చే వారం నువ్వు జెప్తే నా బండి బచాయిస్తది. గంతే లెక్క. తొవ్వ సంగతి దాచినోడు మనిషే కాదు."

సూట్లు వేసుకున్న ఇంజనీర్ల మధ్య చెప్పులేసుకుని వెళ్లేది తానొక్కడేనట. కంపెనీ మేనేజరు పక్కన కూర్చునేవాడు, మాట్లాడేది మాత్రం ఈయనే. డ్రైవర్లు ఈయనకు చెప్పినన్ని కబుర్లు ఎవరికీ చెప్పేవారు కారు. "నా వంతు వచ్చిందంటే ఆఫీసర్ సాబ్ కలం కింద పెట్టెటోడు. ముందుగాల ఇనెటోడు, ఎన్కసీరి రాసుకునెటోడు," అని, తన జేబులోని కలం తీసి బల్ల మీద పెట్టి, ఆ అధికారిలా మెడ వంచి చూపించేవాడు. నాకు తెలిసి ఆయన గర్వపడ్డ సంగతి అదొక్కటే.

తిరిగొచ్చాక అల్లుడి పాలిషింగ్ యూనిట్‌లో పని చూసుకుంటూ తాండూరులోనూ గురువారం మీటింగు పెట్టాడు. బస్టాండు పక్క టీ హోటల్లో, పొద్దున పదింటికి. బండల ధర దగ్గర పేచీలు పడే యజమానులను, వాళ్ల లారీల డ్రైవర్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టేవాడు. వాళ్లు ఆయనకు అంబాసిడర్ సాబ్ అని పేరు పెట్టారు. మొదట ఏడిపించడానికి, తరువాత అలవాటుగా.

"పరిగి తొవ్వల కల్వర్టు కాడ మట్టి కుంగింది, అంబాసిడర్ సాబ్. లోడుతోని పోతే ఒక్కదిక్కు ఒరుగుతుంది," అన్నాడు ఒక డ్రైవరు ఒక గురువారం.

"ఎప్పుడు చూసినవ్?"

"నిన్న."

"నువ్వు చూసినవా?"

"మా చిన్నాయన కొడుకు చూసిండు."

"గట్లయితే నువ్వు ఇన్నవు. ఇన్నది ఇన్న అనాలె, చూసింది చూసిన అనాలె."

ఒక యజమాని గ్లాసు కింద పెట్టి, "మన తాండూర్ల తుపాకులు లేవు, బాంబులు లేవు. గింత పరేషాన్ ఎందుకు భాయ్?" అన్నాడు.

"లేవనే గుంతలతోని షురూ చేసిన," అన్నాడు ఆయన. హోటలంతా నవ్వింది. సేడం నుంచి వచ్చే డ్రైవరు కన్నడంలో చెబితే ఆయన దాన్ని తెలుగులోకి తిప్పి, నవ్వకుండా అందరికీ వినిపించేవాడు.

ఆ మీటింగులో దారుల సంగతి అడిగేవాడు, కొత్తగా విన్నదేమిటని అడిగేవాడు. మూడో ప్రశ్న వేసేవాడు కాదు. నేను పద్ధతి మనిషిని కదా, ఒక గురువారం గుర్తుచేశాను: "భాయ్, మనుషులు ఎక్కడ ఎందరున్నారో కూడా అడగాలి కదా?" ఆయన మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగి, "గది వద్దు సాబ్," అని లేచి వెళ్లిపోయాడు. డైరీలో రాసుకున్నాను: కారణం తెలియలేదు.

గురువారం తరువాత శుక్రవారం. శుక్రవారం సాయంత్రం అంజమ్మ వచ్చేది.

ఆమె తమ్ముడు నర్సింలు. బంట్వారం దగ్గరి పల్లె వాళ్లది. తల్లిదండ్రులు లేరు, తమ్ముణ్ని ఆమే పెంచింది. అతను తాండూరులో ఇళ్లల్లో బండలు పరిచే పని నేర్చి, భాయ్ పనిచేసే కంపెనీలోకి కూలీగా వెళ్లాడు. ఏడేళ్ల కింద అక్కడ యుద్ధం ముదిరినప్పుడు మనవాళ్లందరినీ బస్సుల్లో ఓడరేవుకు, అక్కణ్నుంచి ఓడలో బయటికి తెచ్చారు. వచ్చినవాళ్లలో నర్సింలు లేడు.

అంజమ్మ పప్పు మిల్లులో పనిచేస్తుంది. షిఫ్టు కాగానే, జుట్టు మీద కంది పొట్టు అలాగే ఉండగా యూనిట్‌కు వచ్చి మెట్టు మీద కూర్చునేది. ఎప్పుడూ తలుపు వైపు తిరిగి కూర్చునే మనిషి శుక్రవారం మాత్రం తలుపుకు వీపు పెట్టి కూర్చునేవాడు.

"ఏమన్న కబురొచ్చిందా అన్నా?"

"కాయిదం పెట్టినం చెల్లె. జవాబు రావాలె."

"తిండి గిట్ల దొరుకుతదా ఆడ?"

"దొరుకుతది. గాడ ఎవరింటికి పోయినా రొట్టె పెడ్తరు. ఫికర్ చెయ్యకు."

ప్రతిసారీ ఈ నాలుగు మాటలే. కందుల కాలంలో అయితే కొంగులోంచి ఉడకబెట్టిన కందికాయలు తీసి మెట్టు మీద పెట్టి వెళ్లేది. ఆయన అవి తినగా నేను చూడలేదు. డ్రైవర్లకు పంచేవాడు.

ఆ కాయితాలు రాసింది నేను. ఇంగ్లీషులో రాసిపెట్టమని ఆయన వికారాబాదు వచ్చేవాడు. ఆయన చెప్పేవాడు, నేను రాసేవాణ్ని, స్పీడ్ పోస్టు రసీదు డైరీకి పిన్ను పెట్టేవాణ్ని. విదేశాంగ శాఖకు ఆరేళ్లలో పదకొండు ఉత్తరాలు. రెండో వాక్యం అన్నింటిలో ఒకటే: బస్సులు బయల్దేరడానికి ముందురోజు పొద్దున నర్సింలు క్యాంపులో ఉన్నాడు. జవాబులు మర్యాదగా వచ్చేవి. క్యాంపు చుట్టుపక్కల వాకబు చేయించాము, సమాచారం లేదు.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం యూనిట్‌లో ఆయన పక్కన కూర్చుని ఉండగా కరెంటు పోయింది. పాలిషింగ్ మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. బండల మీది నీళ్లు కాలువలోకి కారడం వినిపించింది.

"సాబ్," అన్నాడు. "వాడు క్యాంపుల లేడు."

నేను కలం మూత పెట్టాను.

క్యాంపులో నర్సింలు పైపులు మోసేవాడు. రెండు గంటల దూరంలో ఒక పట్నం ఉంది. అక్కడ ఎవరో వ్యాపారి ఇల్లు కట్టుకుంటుంటే, ఇతని పనితనం గురించి విని బండలు పరవడానికి పిలిచాడు. పదిహేను రోజులకోసారి రెండు మూడు రోజులు వెళ్లి వచ్చేవాడు. క్యాంపు దాటి వేరే పని చేయడం తప్పు, దొరికితే మరుసటి విమానంలో ఇంటికే. పొద్దున హాజరు పిలిచినప్పుడు అతని గదిలో ఉండే మరొకడు అతని బదులు పలికేవాడు.

"గొంతు వేరే అని నాకు ఎరుకగాదా? నాకు ఎరుకనే సంగతి వానికి ఎరుక లేదు. తల ఎత్తకుంట టిక్కు పెట్టిన. మన తాండూరోడు గాడ బండలు పరుస్తుండని సంబురం గూడ అయింది."

చివరి గురువారం. అధికారి మ్యాపు మీద ఆ పట్నం దగ్గర వేలు పెట్టి అడిగాడు: ఇక్కడ మీ మనుషులెవరైనా ఉన్నారా? ఉంటే రేపు బస్సును అటు తిప్పి పంపిస్తాను. లేకపోతే నేరుగా ఓడరేవుకు. ఒక్కొక్క కంపెనీ లేరంటూ వచ్చింది. చివరికి ఈయన వంతు.

"ఒక్కడున్నడు అంటే, ఆడికి ఎట్ల పోయిండు, హాజరు ఎవడు రాసిండు అంటరు. మేనేజర్ పక్కకే ఉండె. ఎప్పుడు పోయినా వచ్చెటోడే గదా, పొద్దుగాలకు వస్తడనుకున్న. 'ఎవ్వరు లేరు సార్' అన్న. ఆఫీసర్ సాబ్ రాసుకున్నడు. నేను జెప్పినంక ఇంకోసారి ఎవర్నీ అడగలే."

మరునాడు బస్సులు నేరుగా వెళ్లాయి. మధ్యాహ్నానికి ఆ పట్నం దారి మూతపడింది.

"ఏండ్లకేండ్లు తొవ్వలన్నీ నిజమే జెప్పిన సాబ్. ఒక్క మనిషి కాడ అబద్ధమాడిన."

"అంజమ్మకు చెప్పారా?"

"శుక్రారం జెప్త." తరువాత నా డైరీ మీద అరచెయ్యి పెట్టాడు. "మీరు జెప్పొద్దు. నేనే జెప్పాలె." సరేనన్నాను. మాట ఇచ్చాను.

ఆ వారమే పన్నెండో ఉత్తరం రాశాం. రెండో వాక్యం మార్చాం, పట్నం పేరు రాశాం, ఆ రోజు తాను అబద్ధం చెప్పానని కూడా రాయించాడు. జవాబు అక్టోబరులో వచ్చింది. ఆ దేశంలో మన కార్యాలయం మూతపడి చాలా కాలమైందట, కాగితాలు పక్క దేశంలో ఉన్నాయట. పాపం, ఎవరో ఓపికగా వెతికారు. తరలింపు ముందరి సమావేశంలో ఆ పట్నంలో తమ మనుషులెవరూ లేరని మీ కంపెనీ ప్రతినిధే ధ్రువపరిచినట్టు రికార్డు ఉంది. కాబట్టి ఫొటోగానీ సందేశంగానీ, ఏదైనా కొత్త ఆధారం పంపితే తప్ప ముందుకు వెళ్లలేము అని రాశారు.

నా చేత రెండుసార్లు తెలుగులో చెప్పించుకున్నాడు.

"ప్రతినిధి అంటే నేనే గద సాబ్?"

"అవును భాయ్."

"నా మాటే పట్టుకున్నరు."

"అవును."

"మస్తు నమ్మెటోళ్లు నన్ను," అన్నాడు.

ఆ తరువాత గురువారం మీటింగుకు వెళ్లడం మానేశాడు. డ్రైవర్లే యూనిట్‌కు వచ్చి దారుల సంగతి చెప్పి పోయేవారు. విని తలూపేవాడు, చూశావా విన్నావా అని అడిగేవాడు కాదు. శుక్రవారాలు మాత్రం ఆగలేదు. ఆ జవాబు వచ్చాక ఆయన పదహారు శుక్రవారాలు బతికాడు. నాలుగింటికి నేను ఉన్నాను. ఒకసారి "చెల్లె, గా దినం..." అని మొదలుపెట్టాడు. అంజమ్మ వెంటనే లేచి, "బస్సుకు యాళ్లయింది అన్నా," అని వెళ్లిపోయింది. ఆయన నా వైపు చూశాడు. నేను ఎటో చూశాను.

ఫిబ్రవరి ఎనిమిదిన, పట్టపగలు, యూనిట్‌లోనే గుండె ఆగింది.

ఖననం అయ్యాక మట్టి దులుపుకుంటూ డ్రైవర్లు గేటు దగ్గర గుమిగూడారు. ఒకడు, "కాగ్నా వంతెన కాడ ఒక్కదిక్కే ఇడుస్తున్నరు, నేనే చూసిన," అన్నాడు. ఇంకొకడు "మంచిగ జెప్పినవ్" అన్నాడు. అంజమ్మ నా దగ్గరికొచ్చి, "మట్టిల పెట్టిన్రా సారూ?" అని అడిగింది. పెట్టారన్నాను. "రేపు మీ ఇంటికొస్త," అంది.

మరునాడు, సోమవారం, ఎనిమిదింటికల్లా వికారాబాదు వచ్చింది. మిల్లుకు నాగా పెట్టింది. మా ఆవిడ టీ ఇస్తే నేల మీదే కూర్చుని తాగింది. ఇంక ఉత్తరాలు మీరే రాయాలె సారూ, అంది.

ఆయనకిచ్చిన మాట ఆయనతోనే తీరిపోయిందనుకున్నాను. మొత్తం చెప్పాను. క్యాంపులో వేరే గొంతు పలికిన సంగతి, టిక్కు పెట్టిన సంగతి, మ్యాపు మీద వేలు, ఎవ్వరూ లేరన్న మాట. చెబుతున్నంతసేపూ ఆమె ఖాళీ గ్లాసును రెండు చేతుల్లో పట్టుకుని ఉంది.

"తమ్ముడు క్యాంపుల లేడని అన్నకు ఎరుకనా?" అంది చివరికి.

"మొదటినుంచీ తెలుసమ్మా."

గ్లాసు నేల మీద పెట్టింది.

"నాకు గూడ ఎరుకే సారూ."

నర్సింలు ఫోన్లో అక్కకు అన్నీ చెప్పేవాడట. భాయ్‌కి తెలియదు, తెలిస్తే వాపస్ పంపిస్తరు, నోరు జారకు అని తన మీద ఒట్టు పెట్టించుకున్నాడు. "వాడు కానరాకుంట పోయినంక జెప్దామనుకున్న. పారిపోయినోడని రాస్తరని బుగులైంది. పారిపోయినోని కోసం ఎవరు దేవులాడుతరు సారూ? అన్నకు కోపమొచ్చి కాయిదాలు పెట్టుడు బంద్ చేస్తే, నాకు ఇంకెవరున్నరు? గా దినం అన్న ఏదో అడగవట్టిండు, పట్టుకుంటడేమో అని లేచి పోయిన."

జాకెట్లోంచి ఫోన్ తీసింది. అద్దం పగిలిన పాత ఫోన్. ఫొటోలు పోతాయని ఏడేళ్లుగా మార్చలేదట. వేలితో జరిపి నా ముందు పెట్టింది. ఒక పెద్ద గది, పరిచిన బండలు. సందులు దారం పట్టినట్టు తిన్నగా ఉన్నాయి. ఒక మూల మాత్రం ఇసుక అలాగే ఉంది. ఫొటో కింద తేదీ ఆ చివరి గురువారానిదే. దాని కింద తమ్ముడు పంపిన మాటలు: గీ మూల అయితే వస్త అక్కా.

నేను అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. వాళ్లు అడిగిన ఆధారం ఇదే. ఇన్నేళ్లూ శుక్రవారం శుక్రవారం ఆమె జాకెట్లో, ఆయనకు మూడడుగుల దూరంలో ఉంది.

ఆ పట్నంలో ఇప్పుడు నిలబడ్డ ఇల్లు లేదని రెండేళ్ల కింద పేపర్లో చదివాను. ఆమెకు చెప్పలేదు. కాగితం తీసి పదమూడో ఉత్తరం రాశాను. మూలమలుపు దుకాణంలో ఫొటో ప్రింటు తీయించి వెనక గుచ్చాను. పాత చిరునామాయే రాశాను.

అంజమ్మ కవరు చేత్తో పట్టుకుని, "గీసారైన దేవులాడుతరా సారూ?" అని అడిగింది.

"సంతకం ఇక్కడ పెట్టమ్మా," అన్నాను.